ఎఫ్.సి. తప్పిన బండి

(ధ్యానానికి: లూకా 13:6-9)



2025వ సంవత్సరం తపస్సుకాలంలో మా విచారణ బండి పరీక్ష తప్పింది. అది పాత మారుతీ వ్యాను. రోగులకు దివ్యసత్ప్రసాదం తీసుకువెళ్లడానికైనా, ఉపదేశిగారిని శాఖా గ్రామాల్లో దింపడానికైనా, అర్ధరాత్రి నొప్పులు మొదలైన ఆడబిడ్డను ఆసుపత్రికి చేర్చడానికైనా మా విచారణకు ఉన్నది అదొక్కటే. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్లు చెల్లుతుందనీ, ఆ తరువాత బండిని చూపించి పరీక్షలో నెగ్గితేనే మరో అయిదేళ్లు పొడిగిస్తారనీ మీలో బండ్లున్నవారికి తెలుసు. మా వ్యానుకు ఆ పదిహేనేళ్లు మార్చి నెలలో నిండాయి.

ఆ ఉదయం బండిని శుభ్రంగా కడిగించాం. సీట్లు దులిపాం. అద్దం దగ్గర వేలాడే జపమాలను కూడా తుడిచాం. నేనూ డ్రైవరూ కలిసి రవాణాశాఖ కార్యాలయానికి వెళ్లాం. బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు చుట్టూ తిరిగి చూశారు, దీపాలు వెలిగించి చూశారు, తానే ఎక్కి కొంతదూరం నడిపి బ్రేకు వేసి చూశారు. దిగివచ్చి మర్యాదగానే చెప్పారు: "ఫాదర్ గారూ, ఇంజిను బాగుంది. కానీ వెనుక ఎడమ చక్రానికి బ్రేకు పట్టడం లేదు. ముందు టైర్లు అరిగిపోయాయి. స్టీరింగులో ఆట ఉంది. రిపేరు చేయించి మళ్లీ తీసుకురండి."

మా డ్రైవరు ఊరుకోలేదు. "రెండుసార్లు తొక్కితే పడుతుంది సార్, మాకు అలవాటే" అన్నాడు.

"రెండోసారి తొక్కే టైము ఉండాలి కదయ్యా" అన్నారాయన.

ఆ మాట నా గుండెల్లో గుచ్చుకుంది. ఎందుకంటే సరిగ్గా నెల రోజుల ముందు, ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు అదే వ్యానులో ఎనిమిది మందిని ఎక్కించుకుని వెళ్లివచ్చాం. అందులో ముగ్గురు ప్రథమ దివ్యసత్ప్రసాదానికి సిద్ధపడుతున్న పిల్లలు. దారి పొడవునా జపమాల చెప్పుకున్నాం, పాటలు పాడుకున్నాం. అదే బ్రేకు. క్షేమంగా తిరిగివచ్చాం గనుక మరియమాతకు కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాం. తల్లి కాపాడింది నిజమే. ఆ తల్లికి అంత పని పెట్టింది మాత్రం నేనే.

నూనె పోసుకుంటూ వచ్చాం

అక్కడినుండి నేరుగా మెకానిక్ షెడ్డుకు వెళ్లాం. మేస్త్రిగారు చక్రం విప్పి బ్రేక్ షూ చేతిలో పెట్టారు. నూనెలో తడిసి జిడ్డుగా ఉంది. "ఇది ఒక్కరోజులో అయింది కాదు ఫాదర్. లోపల సిలిండరు కారుతోంది. డబ్బాలో బ్రేక్ ఆయిల్ తగ్గినప్పుడల్లా మీరు పోసుకుంటూ వచ్చారు. ఎటు పోతోందని అడగలేదు" అన్నారు. నిజమే. నెలకొకసారి డ్రైవరు వచ్చి ఆయిల్‌కు డబ్బు అడిగేవాడు, నేను ఇచ్చేవాడిని. ఆరు నెలల ముందు అడిగి ఉంటే వెయ్యి, పదిహేనువందలతో పోయే పని.

మేస్త్రిగారు రాసి ఇచ్చిన లెక్క ఇది. బ్రేకుల పని మొత్తం 7,400 రూపాయలు. నాలుగు టైర్లు 12,000. స్టీరింగు 4,800. తుప్పుపట్టిన అడుగు రేకుకు వెల్డింగు, రంగు 6,500. దీపాలు, వైపరు 2,100. కూలీ 4,000. వెరసి 36,800 రూపాయలు. దీనికి తోడు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము. పదిహేనేళ్లు దాటిన కారుకు అది 2022 ఏప్రిల్ 1 నుండి 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెరిగింది. విచారణ ఖాతాలో అంత సొమ్ము లేదు.

కార్యాలయం బయట ఒకాయన నా చెవిలో వేసిన మాట కూడా మీ దగ్గర దాచను. "మీరెందుకు తిప్పలు పడతారు ఫాదర్, కొంచెం ఖర్చు పెట్టుకోండి, కాగితం నేను తెప్పిస్తాను" అన్నాడతను. అడిగింది రిపేరు ఖర్చులో పదోవంతు కూడా కాదు. నేను వెంటనే 'వద్దు' అనలేదు. ఒక నిమిషం ఆలోచించాను. విచారణ డబ్బు ఆదా అవుతుంది కదా, ఈ బండి సేవకే కదా వాడుతున్నది అని నా మనసు నాకే ప్రసంగం చెప్పింది. మంచిపని పేరు పెట్టుకుని వచ్చే శోధన ఎంత తియ్యగా ఉంటుందో ఆ నిమిషంలో తెలిసింది. కాగితం మారితే బ్రేకు పట్టదని డ్రైవరు మొహం చూశాక గుర్తుకువచ్చింది.

ఒక్క లోపం చాలు

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు గ్రంథాలలో ఒక సూత్రం నేర్చుకున్నాం. ఒక పని మంచిదనిపించుకోవాలంటే దానికి కావలసినవన్నీ సక్రమంగా ఉండాలి. చెడ్డది కావడానికి ఏదో ఒక్క లోపం చాలు. అప్పుడు పరీక్షకోసం కంఠస్థం చేశాను. దాని అర్థం ముప్పై ఏళ్ల తరువాత రవాణాశాఖ కార్యాలయం ఆవరణలో బోధపడింది. ఇంజినుకు తొంభై, సీట్లకు ఎనభై, బ్రేకుకు పది మార్కులు వేసి, సగటు తీసి 'పాస్' అనరు. మిగతావన్నీ ఎంత బాగుంటే ఆ బండి అంత వేగంగా పోతుంది. ఆగలేని బండి వేగంగా పోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మన జీవితాల్లో మాత్రం మనం సగటే తీసుకుంటాం. "నేను ఆదివారం పూజ మానను, కానుక వేస్తాను, ఒకరి సొమ్ము ముట్టను. తాగినరోజు ఇంట్లో నాలుగు దెబ్బలు వేస్తాను, అదొక్కటే" అనేవారిని చూశాను. "అందరితో బాగుంటాను, మా అన్నతో మాత్రం పదేళ్లుగా మాట లేదు, అదొక్కటే" అనేవారిని చూశాను. ఆ ఒక్కటే మన బ్రేకు.

అలవాటు ఆ లోపాన్ని కప్పేస్తుంది. మా డ్రైవరు రెండుసార్లు తొక్కడం నేర్చుకున్నట్టే, కుటుంబాలు కూడా లోపం చుట్టూ బతకడం నేర్చుకుంటాయి. నాన్న తాగివచ్చిన రాత్రి పిల్లలు ఎక్కడ పడుకోవాలో ఆ పిల్లలకు తెలుసు. మరునాడు నాన్న క్షమాపణ అడుగుతాడు, మిఠాయి తెస్తాడు. అది డబ్బాలో నూనె పోయడం. ఎక్కడ కారుతోందో ఎవరూ చక్రం విప్పి చూడరు. ఆత్మశోధన అంటే ఆ చక్రం విప్పడమే. పాపసంకీర్తనానికి వచ్చి ప్రతిసారీ అవే నాలుగు మాటలు చెప్పి వెళ్లే మనమందరం, గురువులమైన మేము కూడా, ఈ విషయం ఆలోచించాలి.

ఇంకొక సంగతి. బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు బండిని తుక్కుకు వేయమనలేదు. బాగుచేయించి మళ్లీ రమ్మన్నారు. దేవుడు కూడా మనలోని లోపాన్ని చూపించేది మనలను పారవేయడానికి కాదు. పాపక్షమాపణ మనకు ఉచితంగా దొరుకుతుంది. అయితే చేసిన నష్టాన్ని సరిదిద్దే బాధ్యత మిగిలే ఉంటుందని శ్రీసభ బోధిస్తుంది. జక్కయ్య ప్రభువును ఇంట చేర్చుకుని ఊరుకోలేదు. ఎవరిని మోసం చేశాడో వారికి నాలుగింతలు ఇస్తానన్నాడు. అది ఆయన రిపేరు ఖర్చు.

పిట్టగోడ, పొడిచే ఎద్దు

"ఈ రూల్సన్నీ ప్రభుత్వం డబ్బు గుంజడానికే" అనే మాట మనలో తరచుగా వినిపిస్తుంది. కొన్ని రుసుములు భారంగా ఉన్నమాట నిజమే. కానీ పక్కవాడి ప్రాణం గురించిన నియమాలు మోటారు బండ్లతో పుట్టలేదు. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం 8వ వచనం తీసి చూడండి. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మేడమీద పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, ఎవరైనా జారిపడి చనిపోతే, ఆ రక్తదోషం ఇంటివాడిదే. నిర్గమకాండం 21వ అధ్యాయంలో మరో నియమం ఉంది. ఒక ఎద్దు అకస్మాత్తుగా ఒకరిని పొడిచి చంపితే యజమాని దోషి కాడు. ఆ ఎద్దుకు పొడిచే గుణం ఉందని ముందే హెచ్చరించినా కట్టివేయకపోతే మాత్రం దోషం యజమానిదే. తెలియక జరిగినదానికీ, తెలిసి ఊరుకున్నదానికీ ఉన్న తేడా అది. పరీక్ష తప్పిన క్షణంనుండి మనం తెలిసినవాళ్లం. ఆ తరువాత ఆ బండిని రోడ్డెక్కిస్తే అది పొడిచే ఎద్దే.

రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన 'నేటి లోకంలో శ్రీసభ' అనే పత్రం 30వ పేరాలో, ఆరోగ్యాన్ని కాపాడే నియమాలనూ, వాహనాల వేగానికి సంబంధించిన నియమాలనూ తేలికగా తీసుకునేవారిని పేర్కొని, అలాంటివారు తమ ప్రాణాలనూ ఇతరుల ప్రాణాలనూ ప్రమాదంలోకి నెడుతున్నారని చెప్పింది. 2007 జూన్ 19న వాటికన్ నుండి వెలువడిన రహదారి మార్గదర్శకాలలో డ్రైవర్లకు పది ఆజ్ఞలు ఉన్నాయి. వాటిలో మొదటిది, హత్య చేయరాదన్న దేవుని ఆజ్ఞనే గుర్తుచేస్తుంది. కాబట్టి టైరు మార్చడం, బ్రేకు చూపించడం సోదరప్రేమలో భాగం. బండికి జపమాల కట్టి, గురువులచేత మంత్రజలం చల్లించి, బ్రేకు మరచిపోతే ఆ ఆశీర్వాదాన్ని మనమే చిన్నచూపు చూసినట్టు.

పొయ్యి వెలగని ఇల్లు

ఇంతవరకు చెప్పడం సులభమే. ఆ వారంలోనే శుక్రవారం సిలువ మార్గం అయిన తరువాత మా విచారణలోని ఒక ఆటో డ్రైవరు నా దగ్గరకు వచ్చాడు. బాడుగకు తిరిగే బండ్లకు మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకొకసారి, ఆ తరువాత ఏటా ఎఫ్.సి. చేయించాలి. అతని ఆటో పాతది. అదీ తప్పింది. రిపేరు 14,500 రూపాయలన్నారు. అతనికీ బయట ఒకరు 'కాగితం తెప్పిస్తాను, మూడు వేలివ్వు' అన్నారు. ఉదయం, సాయంత్రం అతను బడిపిల్లలను ఎక్కించుకుంటాడు.

నేను పైన మీకు రాసినవన్నీ అతనికి చెప్పాను. తలవంచుకుని విన్నాడు. చివరికి అన్నాడు: "మీరు చెప్పింది నిజమే ఫాదర్ గారూ. మీ వ్యాను మూలపెడితే మీరు బస్సెక్కుతారు. నా ఆటో మూలపెడితే ఇంట్లో పొయ్యి వెలగదు."

నా దగ్గర జవాబు లేదు. బీదవాడికి నీతి ఖరీదైన వస్తువు. దాని ఖరీదు కట్టలేనివాడిని నీతిగా ఉండమని చెప్పి, తలుపు వేసుకుని పడుకోవడం గురువుకు తగునా అని ఆ రాత్రంతా ఆలోచించాను.

ఆదివారం, అంటే మార్చి 23న, తపస్సుకాల మూడవ ఆదివారం. ఆనాటి సువిశేషం పండ్లు కాయని అంజూరపు చెట్టు ఉపమానం. యజమాని మూడేళ్లుగా వచ్చి చూస్తున్నాడు, కాయ లేదు. నరికివేయమన్నాడు. తోటమాలి ఏమన్నాడో గమనించండి. చెట్టు బాగానే ఉందని అతను వాదించలేదు. యజమాని కళ్లుగప్పే ప్రయత్నం చేయలేదు. ఒక్క ఏడాది గడువు అడిగాడు. చుట్టూ పాదు తవ్వి ఎరువు వేస్తానన్నాడు. తవ్వేది ఎవరు? తోటమాలే. తప్పు చెట్టుది, చెమట అతనిది. ఎన్నోసార్లు ఈ ఉపమానం మీద ప్రసంగించాను గానీ, ఆ చెమట సంగతి నాకు ఆ రోజే తట్టింది.

పూజ తరువాత విచారణ సలహా సంఘం సమావేశమైంది. వ్యాను రిపేరుకు ప్రత్యేక కానుక ఎత్తాలన్నది అంశం. ఆటో సంగతి కూడా, అతని అనుమతితో, నేను చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక పెద్దమ్మ లేచి, "మా మనవరాలు ఆ ఆటోలోనే బడికి పోతుంది ఫాదర్ గారూ. అది తప్పిందని తెలిశాక నాకు ముద్ద దిగడం లేదు. మన వ్యాను నెల రోజులు ఆగితే ఏం? ముందు ఆ అబ్బాయిది చేయిద్దాం" అని కొంగుముడి విప్పి అయిదువందల నోటు బల్లమీద పెట్టింది. తపస్సుకాల దానధర్మాల సొమ్ములోనుండి వడ్డీలేని అప్పుగా మిగతాది ఇచ్చాం. మేస్త్రిగారు మనవారు కాకపోయినా కూలీలో సగం తగ్గించారు. తొమ్మిది రోజుల్లో ఆటో మళ్లీ పరీక్షకు వెళ్లి నెగ్గింది. అతను నెలకు అయిదువందల చొప్పున తీర్చుకుంటానన్నాడు. జూన్‌లో బడి ఫీజుల వేళ రెండు నెలలు కట్టలేకపోయాడు, తరువాత మళ్లీ మొదలుపెట్టాడు.

మా వ్యాను ఈస్టరు దాటాకగానీ రోడ్డెక్కలేదు. ఈలోగా జరిగిన ఒక సంగతి కూడా మీకు చెప్పాలి. ఒక రాత్రి శాఖా గ్రామం నుండి కబురు వచ్చింది, ఒక పెద్దాయనకు అవస్థగా ఉందని. ఉపదేశిగారి మోపెడు వెనుక కూర్చుని వెళ్లాను. నేను చేరేసరికి ఆయన కన్నుమూశారు. ఆ మంచం పక్కన మోకరించి ప్రార్థించాను. దేవుని కరుణ నా రాకకోసం ఆగదని నాకు తెలుసు. కొడుకు నన్ను ఒక్కమాట అనలేదు. అయినా ఆ రాత్రి నన్ను విడిచిపెట్టలేదు. బండిని మూలపెట్టినందుకు నేను పశ్చాత్తాపపడడం లేదు. ఆరు నెలలపాటు నూనె పోస్తూ పోయినందుకు పడుతున్నాను. లోపాన్ని వాయిదా వేస్తే దాని ఖరీదు చివరికి ఎవరు కడతారో మన చేతిలో ఉండదు.

ఇలాంటి ఖర్చు వచ్చినప్పుడు

మీ ఇళ్లలో కూడా కారుకో, ఆటోకో, ట్రాక్టరుకో ఇలాంటి ఖర్చు వచ్చిపడవచ్చు. నా అనుభవంలో నేర్చుకున్న నాలుగు మాటలు రాస్తాను. ఏయే లోపాలవల్ల బండి తప్పిందో కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితంతో ఇద్దరు మేస్త్రీల దగ్గర లెక్క అడగండి. తీసేసిన పాత సామాను చూపించమనండి. ప్రాణానికి సంబంధించినవి, అంటే బ్రేకులు, టైర్లు, స్టీరింగు, దీపాలు, ముందు చేయించండి. అలంకారం ఆగవచ్చు. మా వ్యానుకు రంగు వేయించడం మేము మానుకున్నాం. అది ఇప్పటికీ మచ్చలమచ్చలుగానే తిరుగుతోంది.

రిపేరు ఖర్చు బండి విలువను మించిపోతే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువే చెప్పారు. అధిక వడ్డీకి అప్పుచేసి తుక్కుకు పోయే బండిని నిలబెట్టడం వివేకం కాదు. అమ్మదలచుకుంటే కొనేవాడికి లోపం చెప్పి అమ్మండి. మన ప్రమాదాన్ని పక్కింటివాడికి అంటగట్టడం ఎనిమిదవ ఆజ్ఞకే కాదు, అయిదవ ఆజ్ఞకు కూడా విరుద్ధం. బాగయ్యేవరకు బండిని తీయకండి. 'ఒక్కసారే, ఊళ్లోకే' అనే మాట వద్దు. ఇక చేతిలో డబ్బున్న కుటుంబాలకు ఒక మనవి. మీ పిల్లలను బడికి తీసుకువెళ్లే ఆటో డ్రైవరును ఈ వారం పలకరించండి. ఎఫ్.సి. ఎప్పుడని అడగండి. తప్పు పట్టడానికి అడగవద్దు, సాయపడడానికి అడగండి. పాదు తవ్వే తోటమాలి పని అక్కడినుండే మొదలవుతుంది.

అంజూరపు చెట్టు మరుసటి ఏడు కాసిందో లేదో సువిశేషం చెప్పదు. ప్రభువు ఆ కథను అక్కడే ఆపారు. మన గడువు ఇంకా నడుస్తోంది గనుక. ఈ వారం కుటుంబ ప్రార్థనలో జపమాల ముగిసిన తరువాత రెండు నిమిషాలు మౌనంగా కూర్చోండి. మన ఇంట్లో ఎక్కడ కారుతోందో, మనం ఎన్నాళ్లుగా నూనె పోసుకుంటూ వస్తున్నామో ఒక్కొక్కరూ ఆలోచించుకోండి. చెప్పుకోదగినదైతే ఒకరితో ఒకరు చెప్పుకోండి. మిగిలినది పాపసంకీర్తనానికి తీసుకురండి.

మనకోసం చెమటనూ రక్తాన్నీ చిందించిన ఆ మంచి తోటమాలి మీ కుటుంబాలనూ, మీ ప్రయాణాలనూ ఆశీర్వదించి కాపాడునుగాక. ఆమెన్.